తొట్టిలో గప్పీ చేపలు తగ్గిపోతున్నాయి, తింటున్నది సాలీడు! ఎవరైనా చూశారా ఇలాంటిది?

ఆరిలోవ అనూ | అక్టోబరు 9, రాత్రి 11:52

అందరికీ నమస్తే. నిద్ర పట్టక ఈ టైములో రాస్తున్నాను, తప్పుగా అనుకోకండి.

మా పెరట్లో పాత కుడితి తొట్టి ఒకటుంది. మా మావగారి కాలంలో ఆవు ఉండేదట, ఇప్పుడు ఆవు లేదు, తొట్టి మాత్రం మిగిలింది. అందులో తామర వేసి, దోమలు పెరగకుండా ఆగస్టులో ఇరవై రెండు గప్పీలు వదిలాను. మా అబ్బాయి నాలుగో తరగతి, రోజూ లెక్కపెట్టి గోడ మీద బొగ్గుతో రాస్తాడు. పదిహేను రోజులుగా ఆ లెక్క తగ్గుతోంది, ఇప్పుడు పదకొండు. ముందు పక్కింటి పిల్లి అనుకున్నాం. తర్వాత లకుముకి పిట్ట అనుకుని వల కప్పాం. వల కప్పాక ఇంకో రెండు పోయాయి. తొట్టి గట్టు మీద మాత్రం అప్పుడప్పుడు ఎండిన చిన్న ఉండలాంటిది కనిపించేది, విప్పి చూస్తే సన్నటి ముల్లు, పొలుసులు. చేపను ఎవరో నమిలి ఊసినట్టు.

ఇవాళ పది గంటలకి కరెంటు పోయింది. ఇన్వర్టర్ సంగతి చూద్దామని సెల్ టార్చి పట్టుకుని పెరట్లోకి వెళ్ళి ఎందుకో తొట్టిలోకి వెలుగు వేశాను. తామరాకు మీద సాలీడు. కాళ్ళతో కలిపి నా అరచేతిలో సగం ఉంటుంది. దాని నోట్లో గప్పీ, తోక ఇంకా కొట్టుకుంటోంది! నేను అరిచిన అరుపుకి మా అత్తగారు లేచి వచ్చేశారు. ఫొటో తీశాను కానీ చెయ్యి వణికి మసకగా వచ్చింది, కింద పెడుతున్నాను.

ఇదేంటి? విషమా? పిల్లాడు రోజూ ఆ తొట్టి దగ్గరే ఆడతాడు. మా అత్తగారైతే తెల్లారగానే స్ప్రే కొట్టెయ్యమంటున్నారు.

బీచ్‌రోడ్ బావగారు | అక్టోబరు 10, ఉదయం 6:20

విశాఖలో చేపల వేట నిషేధం జూన్‌లోనే అయిపోయింది కదమ్మా, పాపం దాని పని అది చేసుకుంటోంది. లైసెన్సు ఉందో లేదో కనుక్కోండి.

నమ్మనుగాకనమ్మను | అక్టోబరు 10, ఉదయం 7:05

మేడమ్, సాలీడు గూడు కట్టి ఈగల్ని పట్టుకుంటుందని ఒకటో తరగతి నుంచీ చదువుకున్నాం. చేపని పట్టడం ఏంటి? మసక ఫొటోలో నాకు కనిపిస్తున్నది ఒక ఆకు, ఒక మచ్చ. చేప ముందే చచ్చి తేలి ఉంటుంది, దాని మీదకి సాలీడు ఎక్కి ఉంటుంది. మీ గప్పీలు చస్తున్నది నీళ్ళు బాగాలేక. ముందు నీళ్ళు మార్చండి.

అక్వేరియం అప్పలరాజు | అక్టోబరు 10, ఉదయం 7:40

నీళ్ళ సంగతి నేను చెప్తాను, ఇరవై ఏళ్ళుగా గప్పీలు పెంచుతున్నా. నీళ్ళు బాగోక చచ్చిన చేప తేలుతుంది, లేదా అడుగున పడి ఉంటుంది. ఎండి గట్టు మీదకి ఎక్కదు. గప్పీ తన పిల్లల్ని తానే తినేస్తుంది కానీ ఈవిడ చెప్తున్నవి పెద్ద చేపలు. అనూ గారూ, ఆ ఉండలు ఇంకా ఉన్నాయా? పారేయకండి. తామర ఎక్కడి నుంచి తెచ్చారు, నర్సరీ నుంచా?

ఆరిలోవ అనూ | అక్టోబరు 10, ఉదయం 8:15

నమ్మను గారూ, తోక కొట్టుకుంటోందని రాశాను కదండీ. చచ్చిన చేప తోక కొట్టుకోదు.

తామర మా తమ్ముడు తెచ్చాడు, కొండకర్ల ఆవ చెరువు నుంచి. దుంపతో పాటు గోనెసంచిలో అంతరతామర అనే నీటిమొక్క కూడా కొంత వచ్చింది, తడిగా ఉండడానికి చుట్టి పెట్టాడట.

జువాలజీ పాతస్టూడెంట్ | అక్టోబరు 10, ఉదయం 9:30

ఇదిగో దొరికింది. ఆ గోనెసంచిలోనే మీ ఇంటికి వచ్చి ఉంటుంది.

ఆంధ్రా యూనివర్సిటీలో చదివి చాలా ఏళ్ళయింది, అయినా ఈ సాలీళ్ళ పిచ్చి పోలేదు, అందుకని కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక లేనివాళ్ళు కిందకి వెళ్ళిపోండి. అన్ని సాలీళ్ళూ గూడు కట్టి వేటాడవు. దాదాపు సగం జాతులు గూడు లేకుండానే తిరుగుతూనో, పొంచి ఉండో వేటాడతాయి. వాటిలో పిసౌరిడే అని ఒక కుటుంబం ఉంది. అందులో డోలోమిడీస్, నిలస్ అనే రెండు ప్రజాతులు నీటి ఒడ్డున బతుకుతాయి. నిలస్ మన దేశంలో ఉంది, పాత పుస్తకాల్లో థలాసియస్ అని రాసేవారు. మీ ఫొటోలో ఒంటికి రెండు పక్కలా లేత రంగు అంచు కనిపిస్తోంది, నాకు నిలస్ అనే అనిపిస్తోంది. అంతకు మించి ఫొటో చూసి చెప్పకూడదు. ఏ జాతో తేల్చాలంటే జననాంగాలు మైక్రోస్కోపు కింద పెట్టి చూడాలి, దానికి సాలీడుని చంపాలి, అంత అవసరం మనకు లేదు.

ఇక చేపల సంగతి. 2014లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ యూనివర్సిటీ నుంచి మార్టిన్ నైఫెలర్, ఆస్ట్రేలియా నుంచి బ్రాడ్లీ పూసీ కలిసి ప్లాస్ వన్ పత్రికలో ఒక పేపర్ వేశారు. సాలీళ్ళు చేపల్ని తిన్న సంఘటనలు ఎనభైకి పైగా పోగుచేశారు. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉన్నాయి. నాలుగింట మూడు వంతులకు పైగా ఈ డోలోమిడీస్, నిలస్ చేసినవే. పట్టిన చేపలు మామూలుగా 2 నుంచి 6 సెంటీమీటర్లు. సగటున చేప పొడవు సాలీడు ఒంటి పొడవుకి 2.2 రెట్లు ఉందట. మీ సాలీడు కాళ్ళు వదిలేసి ఒళ్ళు మాత్రం రెండు సెంటీమీటర్లు అనుకుందాం, గుణించుకోండి, 4.4 వచ్చింది. ఆడ గప్పీ సరిగ్గా అంతే ఉంటుంది.

బీచ్‌రోడ్ బావగారు | అక్టోబరు 10, ఉదయం 9:44

నేను నా పొడవుకి 2.2 రెట్లు చేప పట్టాలంటే పన్నెండు అడుగుల టేకు చేప పట్టాలి. హార్బర్‌లో అడిగితే నవ్వుతారు.

నమ్మనుగాకనమ్మను | అక్టోబరు 10, ఉదయం 10:10

పేపర్లు ఎవరైనా వేస్తారు. నా డౌటు సింపుల్. గప్పీ నీళ్ళలో ఉంటుంది, సాలీడు పైన ఉంటుంది. చేప జారుడు. సాలీడుకి ఈత రాదు. తన కంటే బరువైనదాన్ని నీళ్ళలోంచి ఎలా లాగుతుంది?

జువాలజీ పాతస్టూడెంట్ | అక్టోబరు 10, మధ్యాహ్నం 1:20

మంచి ప్రశ్న అడిగారు, వ్యంగ్యంగా అడిగినా సరే.

ఈత అక్కర్లేదు. దాని ఒంటి నిండా మఖమల్‌లాంటి నూగు ఉంటుంది, అది తడవదు. నీటి తలతన్యత మీద కాళ్ళు ఆన్చి నిలబడితే ఒక్కో కాలి కింద చిన్న గుంటపడుతుంది తప్ప మునగదు. మెల్లగా వెళ్ళాలంటే మధ్య కాళ్ళతో తెడ్డు వేస్తుంది. తొందరైతే గుర్రంలా ఉరుకుతుంది. గాలి వస్తే ముందుకాళ్ళు పైకెత్తి తెరచాపలా వాడుకుని ఊరికే కొట్టుకుపోతుంది కూడా. ప్రమాదం వస్తే ఏ కాడో పట్టుకుని నీళ్ళలోకి దిగిపోతుంది. అప్పుడు ఆ నూగులో గాలి చిక్కుకుని వెండిపూత పూసినట్టు మెరుస్తుంది, ఆ గాలితోనే అరగంట పైన కూడా లోపల ఉండగలదు. అనూ గారు రేపు చూడబోతే కనబడకపోవచ్చు, పారిపోయిందని అనుకోకండి, ఆకు కింద ఉంటుంది.

వేట ఎలాగంటే, వెనక కాళ్ళతో రాయినో ఆకునో గట్టిగా పట్టుకుంటుంది. ముందు కాళ్ళు నీటి మీద ఊరికే ఆన్చి పెడుతుంది. మన వాళ్ళు చెరువు గట్టున గేలం వేసి వేలి మీద దారం ఆన్చుకుని కూర్చుంటారు చూడండి, అచ్చం అలాగే, కాకపోతే దీనికి చెరువే దారం. గాలికి లేచే అలలు నెమ్మదిగా ఊగుతాయి, సెకనుకి పది సార్లకి లోపే. నీళ్ళలో పడి గిలగిలలాడే పురుగు అల అంతకంటే చాలా వేగం. కాళ్ళకుండే సన్న చీలికల్లాంటి గ్రాహకాలు ఆ తేడా పట్టేస్తాయి. ఆకు రాలితే కదలదు, పురుగు పడితే ఉరుకుతుంది. చేప ముందుకాలికి తగిలినా అంతే, దూకి కరుస్తుంది, ఎక్కువగా తల దగ్గర. విషం నరాల మీద పనిచేస్తుంది. కాసేపు చేప సాలీడుని కూడా ఈడుస్తుంది, ఆ కాసేపు వెనక కాళ్ళ పట్టు నిలవాలి, అంతే.

తర్వాత తప్పనిసరిగా పొడి చోటికి ఈడ్చుకొస్తుంది. ఎందుకంటే సాలీడు నమిలి మింగలేదు. జీర్ణరసం చేప మీదకి కక్కి, లోపలి కండ జావలా అయ్యాక పీలుస్తుంది. నీళ్ళలోనే ఆ పని చేస్తే రసం కరిగి కొట్టుకుపోతుంది. తినడానికి గంటలు పడుతుంది. చివరికి మిగిలేది ముల్లు, తోలు, పొలుసులు కలిసిన ఉండ. అనూ గారు గట్టు మీద చూసింది అదే.

అక్వేరియం అప్పలరాజు | అక్టోబరు 10, మధ్యాహ్నం 2:02

ఆ ఉండ అన్న మాటకే నాకు డౌటు వచ్చింది ఉదయం. మాస్టారూ దండం.

కొండకర్ల కుర్రోడు | అక్టోబరు 10, సాయంత్రం 6:48

మా ఊరి పేరు వచ్చింది కాబట్టి లాగిన్ అయ్యా. మాది ఆవ పక్క ఊరే. దీన్ని మేం చిన్నప్పటి నుంచి చూస్తున్నాం, చేపల సాలీడు అని మా తాత అనేవాడు. తాటిదోనె మీద పొద్దున్నే వెళ్తే తామరాకుల అంచున కనపడుతుంది, దోనె దగ్గరికి వెళ్ళేసరికి టపీమని ఆకు కిందకి పోతుంది. పరిగె పిల్లల్ని పట్టడం నేను రెండుసార్లు చూశా. తోకకప్పల్ని పట్టడమైతే లెక్కలేదు. వానాకాలం మొదట్లో ఒడ్డున నీళ్ళు పలచగా ఉన్నచోట తోకకప్పలు గుంపులుగా ఉంటాయి కదా, అక్కడ రాత్రి దానికి పండగ.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి అక్కా. ఆవలోంచి తామర దుంపలు ఇలా గోనెసంచుల్లో పట్టుకుపోవడం బాగోదు. మీ తమ్ముడు ఒక్కడే కాదు, ఆదివారం వస్తే చాలామంది వస్తారు. పక్షులు చూడ్డానికి వచ్చి తోట పెట్టుకోవడానికి పీక్కుపోతారు.

ఆరిలోవ అనూ | అక్టోబరు 10, రాత్రి 8:30

నిజమే తమ్ముడూ, తప్పే. మా వాడికి చెప్తాను.

స్ప్రే ప్రస్తుతానికి వాయిదా. పిల్లాడి సంగతి మాత్రం ఎవరైనా చెప్పండి, చేపనే చంపే విషం మనిషిని ఏం చేస్తుంది?

గాజువాక డాక్టరమ్మ | అక్టోబరు 10, రాత్రి 9:55

దాని విషం మోతాదు పరిగెపిల్లకి సరిపడేది, పిల్లాడికి కాదు. చేత్తో పట్టి నలిపితే కరవొచ్చు, కందిరీగ కుట్టినట్టు మంట, కాస్త వాపు. సబ్బుతో కడిగి చల్లటి గుడ్డ పెడితే చాలు. అలర్జీ ఉన్న పిల్లలకి ఏది కుట్టినా జాగ్రత్త పడాలి, మొహం వాచినా ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి, అది కందిరీగకీ తేనెటీగకీ కూడా వర్తించే మాటే. మిమ్మల్ని చూస్తే అది పారిపోతుంది. పిల్లాడు ఆ తొట్టి నీళ్ళలో పడకుండా చూసుకోండి, నాకు అసలు భయం అది.

ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. "సాలీడు పాకింది, సర్పి లేచింది" అంటూ వారానికి ఒకరైనా వస్తారు. ఒంటికి ఒకే పక్క, నీళ్ళ పొక్కులు, విపరీతమైన మంట. అది సాలీడు పని కాదు, చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్ నరంలో దాక్కుని మళ్ళీ లేవడం. వానాకాలంలో లైటు చుట్టూ తిరిగే ఒక సన్నటి పురుగు నలిగినా కాలినట్టు గీత లేస్తుంది, దాన్నీ సాలీడు ఉచ్చ అంటారు. నాటు మందు పూసుకుని నాలుగు రోజులు ఆగి వస్తారు, మొదటి మూడు రోజుల్లో వస్తే మందు బాగా పనిచేసేది. పాపం సాలీడు మీద ఎన్ని కేసులో.

ఎంవీపీ మూడో సెక్టార్ | అక్టోబరు 10, రాత్రి 10:12

మా బాత్రూములో ఉండేది కూడా ఇదేనా? చదునుగా, పీతలా పక్కకి కాళ్ళు చాపి ఉంటుంది. గత నెలలో బల్లిపిల్లని పట్టుకుని గోడ మీద వేలాడింది. మా ఆవిడ రెండు రోజులు ఆ బాత్రూము వాడలేదు.

జువాలజీ పాతస్టూడెంట్ | అక్టోబరు 10, రాత్రి 10:40

అది వేరు, హెటెరోపొడా వెనటోరియా అనే సాలీడు. బొద్దింకలు దానికి ఇష్టం, కాబట్టి ఉండనివ్వండి. కోల్‌కతా దగ్గర ఒక షెడ్డులో అది చిన్న గబ్బిలాన్ని పట్టిందని 1941లోనే రాశారు, మీ బల్లిపిల్ల ఏపాటి.

తేడా చెప్తాను. బాత్రూముది చదునుగా ఉంటుంది, తలుపు సందులో దూరేలా. తోడేలు సాలీడని ఇంకోటి పొలాల్లో ఉంటుంది, దానికి ఎనిమిది కళ్ళలో మధ్య రెండు కారు హెడ్‌లైట్లలా పెద్దవి, రాత్రి టార్చి వేస్తే మెరుస్తాయి. మూడింటికీ తేలిక గుర్తు గుడ్ల సంచి. తోడేలు సాలీడు తన సంచిని వెనకాల తగిలించుకుని ఈడుస్తుంది. బాత్రూముది తెల్ల బిళ్ళలాంటి చదునైన సంచిని పొట్ట కింద పెట్టుకుంటుంది. చేపల సాలీడు గుండ్రటి బంతిలాంటి సంచిని కోరలతో కరిచి పట్టుకుని తిరుగుతుంది. అన్ని రోజులూ సరిగ్గా తినడం కుదరదు దానికి.

పెందుర్తి రైతు | అక్టోబరు 11, ఉదయం 5:35

వెనకాల సంచి తగిలించుకునేది మా వరి మళ్ళలో కుప్పలు. పిల్లలు పుట్టాక తల్లి వీపు మీద ఎక్కి కూర్చుంటాయి. అవి కూడా నీళ్ళ మీద పరిగెడతాయండి. సుడిదోమని తినేది అవే. నాలుగేళ్ళ కిందట షాపు ఆయన మాట విని, దోమ ఇంకా పెద్దగా లేకపోయినా ముందుజాగ్రత్త అని మందు కొట్టాను. దోమ కంటే ముందు సాలీళ్ళు పోయాయి. మూడు వారాల్లో దోమ విరగబడి చేను సుడులు సుడులుగా ఎండిపోయింది. పక్క మడి మా అన్నది, డబ్బుల్లేక కొట్టలేదు, వాడికి పండింది. ఇప్పటికీ నన్ను చూసి నవ్వుతాడు.

కాబట్టి అమ్మా, స్ప్రే జోలికి పోకండి. పైగా ఆ తొట్టిలో స్ప్రే కొడితే సాలీడు కంటే ముందు గప్పీలన్నీ పోతాయి.

అక్వేరియం అప్పలరాజు | అక్టోబరు 11, ఉదయం 8:00

రైతుగారు చివర చెప్పింది మొదట నేను చెప్పాల్సింది. దోమల స్ప్రేల్లో ఉండే మందు మనిషికి అంత కాదు గానీ చేపకి కాలకూటం. గదిలో కొట్టినా అక్వేరియం మూతపెట్టి పంపు ఆపమంటాను నేను.

నమ్మనుగాకనమ్మను | అక్టోబరు 11, ఉదయం 11:25

సరే, చేపని పడుతుందని ఒప్పుకుంటాను. ఆ పేపరు తీసి చదివాను, ఫొటోలు ఉన్నాయి. కానీ ఒక విషయం గమనించారా, అందులోనే చేప అప్పుడప్పుడు దొరికే తిండి అని ఉంది. అసలు తిండి పురుగులే. మరి ఈవిడ గప్పీలు పదకొండు ఎలా పోయాయి? అన్నీ సాలీడు లెక్కలోనే వేస్తే ఎలా?

జువాలజీ పాతస్టూడెంట్ | అక్టోబరు 11, మధ్యాహ్నం 12:15

ఇప్పుడు మీరు నాకంటే బాగా చదివారు. ఒప్పుకుంటున్నాను, పదకొండూ దానివే అని నేనూ అనను. కానీ కుడితి తొట్టి చెరువు కాదు. చెరువులో చేపకి పారిపోవడానికి చోటుంటుంది, లోతుంటుంది. ఇక్కడ జానెడు దూరంలో ఎప్పుడూ ఓ గప్పీ పైకి వచ్చి నోరు తెరుస్తూనే ఉంటుంది, గప్పీ అలవాటే పైన తిరగడం. పైగా పురుగులు రాకుండా ఈవిడ వల కప్పారు! లకుముకి పిట్టని ఆపబోయి సాలీడుకి చేప తప్ప గతి లేకుండా చేశారు. ఆ పేపర్లోనే బ్రిస్బేన్ దగ్గర ఒక ఇంటి తోట కొలనులో డోలోమిడీస్ స్వోర్డ్‌టెయిల్‌ని పట్టిన ఫొటో ఉంది చూశారా, గప్పీకి దగ్గర చుట్టమే ఆ చేప. మనిషి కట్టిన చిన్న నీళ్ళు, అందులో చిన్న చేపలు, ఒడ్డున ఆకులు. పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టే.

బీచ్‌రోడ్ బావగారు | అక్టోబరు 11, మధ్యాహ్నం 12:31

అంటే కేసు తేలింది. నిందితురాలు సాలీడు, సహకరించింది అనూ గారు, సరుకు రవాణా వాళ్ళ తమ్ముడు.

ఆరిలోవ అనూ | అక్టోబరు 11, రాత్రి 10:50

బావగారూ 😂 మా తమ్ముడికి చదివి వినిపించాను.

వల తీసేశాను. ఇప్పుడే టార్చితో చూసి వచ్చాం, నేనూ మా అబ్బాయీ. మాస్టారు చెప్పినట్టే వెనక కాళ్ళు ఆకు మీద, ముందు కాళ్ళు నీళ్ళ మీద. మా వాడు చిన్న ఆకు వేశాడు, కదల్లేదు. తర్వాత ట్యూబులైటు కింద దొరికిన రెక్కల పురుగుని వేశాడు, అది నీళ్ళ మీద గిలగిలలాడిందో లేదో, మధ్యలో ఎలా వెళ్ళిందో కూడా కనపడలేదు, పట్టేసుకుంది. వాడు చప్పట్లు కొడితే మాయమైపోయింది. ఆకు కిందకి వంగి చూస్తే నిజంగానే వెండి గోలీలా మెరుస్తోంది.

మా అత్తగారు గుమ్మం దగ్గరే నిలబడి, శ్రీకాళహస్తిలో శివుడికి గూడు అల్లిన సాలీడు పుణ్యాత్మురాలు గానీ ఈ చేపలు తినేది ఏ జాతో అన్నారు. లోపలికి మాత్రం పోలేదు, చూస్తూనే ఉన్నారు.

సీతమ్మధార సంధ్య | అక్టోబరు 12, ఉదయం 9:10

నాకు సాలీడంటే చచ్చేంత భయం, ఈ థ్రెడ్ మొత్తం ఒక కన్ను మూసి చదివాను. ఇంకా ఏమేం తింటాయో కూడా ఎవరైనా చెప్పేయండి, ఒకేసారి భయపడిపోతాను.

జువాలజీ పాతస్టూడెంట్ | అక్టోబరు 12, ఉదయం 10:05

అడిగారు కాబట్టి క్లుప్తంగా. కప్పలు చాలా ఎక్కువ. మడగాస్కర్‌లో ఒక సాలీడు రెండు ఆకుల్ని అంచులు కలిపి కుట్టి చల్లటి నీడలా చేస్తుంది, ఎండకి తట్టుకోలేక కప్ప లోపలికి దూరితే అయిపోయింది. పాముల మీద 2021లో నైఫెలర్ ఇంకో పేపర్ వేశాడు, మూడొందలకి పైగా సంఘటనలు, వాటిలో ఎక్కువ గూట్లో చిక్కుకున్న పాముపిల్లలు. అమెజాన్ అడవిలో టారంటులా ఒకటి చుంచంత అపోసమ్ అనే జంతువుని ఈడ్చుకుపోవడం కెమెరాకి చిక్కింది. మనిషిని తిన్నది ఇంతవరకూ లేదు, రెండో కన్ను తెరవండి.

ఇంగ్లండులో వీటికి ఇంకో కథ ఉంది. డోలోమిడీస్ ప్లాంటేరియస్ అని అక్కడో చేపల సాలీడు, 1956లో సఫోక్ అంచున ఒక బురదనేలలో దొరికింది. అక్కడి నీళ్ళు తోడేస్తుంటే నేల ఎండి అది అంతరించే స్థితికి వచ్చింది. చట్టంతో కాపాడారు, తర్వాత పిల్లల్ని ఒక్కోదాన్ని ఒక్కో పరీక్షనాళికలో పెట్టి వేల సంఖ్యలో పెంచి వేరే చోట్ల వదిలారు. ఒకే గాజుగొట్టంలో రెండు పెడితే ఒకటే మిగులుతుంది కదా, అందుకే విడివిడిగా.

కంబాలకొండలో గెడ్డ ఒడ్డున, ముడసర్లోవ పక్క తడి రాళ్ళ మీద నేను చదువుకునే రోజుల్లో ఇలాంటివి చూసేవాణ్ణి. అనూ గారూ మీ ఇల్లు ఆ దగ్గరే కాబట్టి గోనెసంచి కథ తప్పయి, అది తనంతట తనే నడిచి వచ్చినా ఆశ్చర్యం లేదు. మొన్న అంత గట్టిగా చెప్పి ఉండకూడదు.

కొండకర్ల కుర్రోడు | అక్టోబరు 12, ఉదయం 10:30

అయ్యో, మా ఊరి సాలీడని మా వాళ్ళందరికీ చెప్పేశాను 😅

ఆరిలోవ అనూ | అక్టోబరు 19, రాత్రి 9:20

అప్‌డేట్. బంతి వచ్చింది! మాస్టారు చెప్పిన గుండ్రటి సంచి, లేత గోధుమరంగు, కోరలతో కరిచి పట్టుకుని కాలివేళ్ళ మీద నడుస్తున్నట్టు నడుస్తోంది. వారం నుంచి గప్పీ ఒక్కటే తగ్గింది. ఇప్పుడు పది. గోడ మీద లెక్క పక్కన మా వాడు బంతి బొమ్మ వేశాడు.

జువాలజీ పాతస్టూడెంట్ | అక్టోబరు 19, రాత్రి 10:00

శుభం. మూడు వారాలు అటూ ఇటూగా అలాగే మోస్తుంది. మధ్యమధ్యలో సంచిని నీళ్ళలో ముంచి తడుపుతుంది, చూడండి. పొదగడానికి వచ్చినప్పుడు పక్కనున్న ఏ మొక్క ఆకుల్నో దగ్గరికి లాగి డేరాలా గూడు అల్లి సంచి అందులో వేలాడదీసి కాపలా ఉంటుంది. ఈ సాలీడు గూడు కట్టేది పిల్లల కోసమే, వేటకి కాదు. తొట్టి పక్కన మొక్కలు కత్తిరించకండి.

నమ్మనుగాకనమ్మను | అక్టోబరు 20, ఉదయం 7:15

పిల్లలు ఎన్ని ఉంటాయి?

జువాలజీ పాతస్టూడెంట్ | అక్టోబరు 20, ఉదయం 7:50

కొన్ని వందలు. బతికేవి చాలా తక్కువ. మగవాడి గురించి ఎవరూ అడగలేదు, చాలాసార్లు వాడు ఈ కథలోకి రాకముందే భోజనమైపోతాడు. అమెరికాలో డోలోమిడీస్ టెనిబ్రోసస్ అనే జాతిలో అయితే ఆడది ముట్టుకోకుండానే జత కట్టిన వెంటనే తనంతట తనే ముడుచుకుని చచ్చిపోతాడు.

బీచ్‌రోడ్ బావగారు | అక్టోబరు 20, ఉదయం 8:02

మా ఆవిడకి ఈ లింకు పంపకండి ఎవరూ.

ఆరిలోవ అనూ | నవంబరు 11, సాయంత్రం 7:40

వాయుగుండం వానలకి రెండు రోజులు పెరట్లోకి వెళ్ళలేదు. ఇవాళ చూస్తే తొట్టి పక్క పసుపు మొక్కల ఆకులు మూడు దగ్గరికి లాగి గుడారం కట్టేసింది. లోపల బంతి, బంతి చుట్టూ ఆవాలు చల్లినట్టు పిల్లలు! తల్లి కింద కాడ మీద కూర్చుంది, చిక్కిపోయి కాళ్ళే కనపడుతున్నాయి.

పనమ్మాయి పైపుతో మొక్కలకి నీళ్ళు కొట్టబోతే మా అత్తగారు లోపలి నుంచి కేక వేశారు: "ఆ పక్కకి కొట్టకే, పురిటి మనిషి ఉంది."

గాజువాక డాక్టరమ్మ | నవంబరు 11, రాత్రి 9:30

ఈ నెలలో నేను విన్న మంచి మాట ఇదే. అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి.

ఆరిలోవ అనూ | నవంబరు 19, ఉదయం 8:25

పిల్లలు వెళ్ళిపోయాయి. నిన్న సాయంత్రం ఆకుల చివరికి ఎక్కి దారం వదులుతూ ఉన్నాయి, పొద్దున్నకి గుడారం ఖాళీ. తల్లి రెండు రోజులుగా కనపడలేదు, ఆకు కింద కూడా వెతికాం. తొట్టిలో ఒకటి రెండు పిల్లలు మాత్రం తామరాకు మీద తిరుగుతున్నాయి, చీమలంత.

గప్పీలు తొమ్మిది, అందులో రెండు పొట్టతో ఉన్నాయి. అప్పలరాజు గారూ, ఈ ఆదివారం మీ దగ్గరికి వస్తాము, ఓ పది ఇవ్వండి. మా వాడి షరతు ఏంటంటే ఆరు సెంటీమీటర్లు దాటినవి కావాలట, సాలీడు పిల్లలు పెద్దయ్యాక వాటిని పట్టలేకుండా.

అక్వేరియం అప్పలరాజు | నవంబరు 19, ఉదయం 9:05

ఆరు దాటిన గప్పీ ఎక్కడ దొరుకుతుందమ్మా! అంత కావాలంటే కొర్రమీను పెంచుకోవాలి. కానీ బాబుకి ముందే చెప్పండి, కొర్రమీను ఉంటే అదే సాలీళ్ళని తినేస్తుంది. గప్పీలే ఇస్తాను, డబ్బా తెచ్చుకోండి.